సాక్షి గ్లాసు

ఈ వేసవిలో మా అబ్బాయి పట్టుబట్టి హాల్లో ఏసీ బిగించాడు. బిగించిన మూడో రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో చింతపండు పిసుకుతుంటే హాల్లోంచి టిక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. గిన్నె జారిన చప్పుడు కాదు, బల్లి చప్పుడూ కాదు. ఆ చప్పుడు నాకు తెలుసు. చింతపండు చేతులతోనే పరుగెత్తాను. ఏసీ గాలి తిన్నగా కొట్టే చోట, షోకేసు పై అరలో, సన్నని కాడ ఉన్న నా గాజు గ్లాసు రెండు ముక్కలై పడుంది.

మా కోడలు వచ్చి చూసి, "పోన్లెండి అత్తయ్యా, పాత గ్లాసేగా. ఇలాంటివి ఆన్‌లైన్‌లో ఆరు కలిపి వస్తాయి, తెప్పిస్తాను" అంది. మంచి పిల్ల, దాని తప్పేం లేదు. ఆ గ్లాసులో ఈ ఇంట్లో ఎవరూ మంచినీళ్ళయినా తాగలేదు. నేను తాగనివ్వలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి మా మావయ్య చేసిచ్చింది అని చెప్పి తప్పించుకునేదాన్ని. అది నిజమే కానీ సగం నిజం.

ముక్కలు ఏరకముందే పగులు ఎటు నడిచిందో వంగి చూశాను. చూసి అక్కడే నేల మీద కూలబడ్డాను. కోడలు బీపీ అనుకుని మాత్ర తెచ్చింది. అది మాత్రతో తగ్గేది కాదు.

మా మావయ్య అంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. అమ్మ తరఫు వాళ్ళంతా సముద్రం మీద వేటకి వెళ్ళేవాళ్ళు. ఆయన మాత్రం పడవెక్కితే చాలు, ఒడ్డు కనిపిస్తూండగానే వాంతులు చేసుకునేవాడట. ఇక వీడికి సముద్రం అచ్చిరాదని మా తాతయ్య చేతులెత్తేస్తే, ఎవరో తీసుకెళ్ళి ఊళ్ళో ఒక కాలేజీలో లాబ్ సామాను కడిగే పనిలో పెట్టారు. విరిగిన గాజు సామాను మంట మీద అతికి బాగుచేసే ముసలాయన ఒకాయన అక్కడ ఉండేవారు. మావయ్య ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని కూర్చుని ఆ పని పట్టేశాడు. నాకు ఊహ వచ్చేసరికి ముసలాయన పోయారు. ఆ పనంతా మావయ్యే చేసేవాడు, అయితే రోజుకూలీ మీద. కాలేజీ నుంచి వచ్చాక, సెలవు రోజుల్లో, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా పని చేసుకునేవాడు.

ఆ షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. గ్యాసు వాసన, వేడెక్కిన రేకు వాసన, అప్పుడప్పుడూ ముంగురులు మంటకి అంటుకుని కమిలిన వాసన. తలుపు దగ్గరికొస్తే బయట చాప మీద మా అమ్మ ఆరబోసిన నెత్తళ్ళ చేపల వాసన. సాయంత్రం మా నాన్న పోర్టు నుంచి వస్తే ఆయనతోపాటు ఇనుప రజను వాసన. నాన్న పోర్టులో కలాసీ. స్నానం చేసిన నీళ్ళు కాలవలో ఎర్రగా పారేవి. మధ్యాహ్నం పూట చోడి అంబలి, వేయించిన నెత్తళ్ళు, పచ్చి ఉల్లిపాయ. మావయ్య షెడ్డు గుమ్మంలో గొంతుకూర్చుని తినేవాడు. తింటూ కూడా మంట వైపే చూసేవాడు, ఆర్పేసి ఉన్నా సరే.

నా పదో తరగతి పరీక్షలయిపోయిన వేసవిలో ఆయన నన్ను పిలిచి మంట ముందు కూర్చోబెట్టాడు. నాన్నకి నచ్చలేదు.

"ఆడపిల్లకి మంటకాడ పనేటి?" అన్నాడు.

"సెయ్యి కుదురుగా ఉన్నాదా నేదా అన్నదే సూత్తాది బావా మంట. దీని సెయ్యి కుదురుగా ఉన్నాది" అన్నాడు మావయ్య.

కుదురు సంగతి నాకు తెలీదు కానీ, మొదటి పదిహేను రోజులు నన్ను గాజు ముట్టుకోనివ్వలేదు. రెండు వెదురు ముక్కలు తీసుకుని, వాటి మధ్య పాత లుంగీ గుడ్డ చుట్టి కుట్టాడు. చెరో చేత్తో చెరో కొస పట్టుకుని వేళ్ళతో తిప్పాలి. రెండు చేతులూ ఒకే లెక్కలో తిరిగితే గుడ్డ తిన్నగా ఉంటుంది. ఒక చెయ్యి తొందరపడితే గుడ్డ మెలిపడుతుంది. వేడికి మెత్తబడిన గాజూ అచ్చం అలాగే మెలిపడుతుందట. అన్నం తినేటప్పుడు తప్ప ఆ వెదురు నా చేతుల్లోనే ఉండేది. అమ్మ చేపల తట్ట దించి నా వైపు చూసి, "ఇదేటే, గుంటకి పిచ్చెక్కిందేటి?" అనేది.

ఆ తర్వాత గాజు గొట్టం ఇచ్చాడు. నేను కాలితో మంటకి గాలి కొట్టే తిత్తి తొక్కుతూ, చేతులతో గొట్టం తిప్పుతూ, నోట్లో రబ్బరు గొట్టంతో ఊదుతూ, మూడు పనులూ ఒకేసారి చెయ్యలేక ఏడ్చేదాన్ని. ఎర్రగా కనిపించే గాజుతో భయం లేదు, ఎవరైనా దూరంగా ఉంటారు. రంగు పోయి మామూలుగా కనిపిస్తూ ఇంకా కాలుతున్న గాజే చేతుల్ని తినేస్తుంది. బల్ల మీదున్నది ఏదైనా ముందు చెయ్యి వెనక భాగం దగ్గరగా పెట్టి చూసి, ఆ తర్వాతే పట్టుకోవాలి. ఇప్పటికీ నేను పొయ్యి మీది గిన్నెని అలాగే చూస్తాను, మా మనవరాలు నవ్వుతుంది.

పని కొంచెం వచ్చాక పొగరెక్కింది. గాజుని బాగా కాచి గట్టిగా ఊదితే పెద్ద బుడగై, పొర పలచబడి, టప్పున పగిలి అభ్రకం రేకుల్లా గాల్లో ఎగురుతుంది. ఒకరోజు మావయ్య లేనప్పుడు గుమ్మం దగ్గర నిలబడి అలాంటి బుడగలు నాలుగు ఊదాను. పక్కింటి కుక్క తోక ముడిచి పారిపోయింది. నేను పడీపడీ నవ్వాను. ఆ రేకులన్నీ గాలికి వెళ్ళి అమ్మ ఆరబోసిన నెత్తళ్ళ మీద పడ్డాయి. చాపెడు నెత్తళ్ళు. గాజు పడ్డ చేపని ఎవరికమ్ముతాం, మొత్తం గొయ్యి తీసి పూడ్చాల్సి వచ్చింది. అమ్మ చీపురు తీసింది. అప్పుడే వచ్చిన మావయ్య అక్కకి అడ్డం వచ్చి, "నానే ఊదేనప్పా, దాన్నేటీ అనకు" అన్నాడు. అమ్మ నమ్మలేదు కానీ తమ్ముణ్ణి ఏమీ అనలేకపోయింది. నా వైపు మాత్రం చూసి, "నీ సేతులు ఊరుకోవే. ఎప్పుడో ఒకనాడు కొంపముంచుతావు" అంది. నేను ఆ మాట పట్టించుకోలేదు.

పగిలిన గాజుని మావయ్య పారేసేవాడు కాదు. మట్టి మూకుట్లో దాచి, తీరిక దొరికితే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ముక్కా చేతిలో పెట్టేవాడు.

"పగులు ఎటు నడిసిందో సూడు. అతుకు సుట్టూ గుండ్రంగా తిరిగిందనుకో, అతికినోడి తప్పు. అతుకు సరిగ్గా కలవనేదన్న మాట. అతుకుని నెక్కసెయ్యకండా అడ్డంగా కోసుకుపోయిందనుకో, సల్లార్సడం తప్పు. తొందరపడి గాలి తగలనిచ్చీసేరన్న మాట."

"రెండూ పగలడమే కదా మావా" అన్నాను.

"పగలడమే. కానీ తప్పు ఎవుడిదో తెలాలి కదేటి."

చల్లార్చడం మా షెడ్డులో పెద్ద తంతు. కాలేజీలో దానికి కరెంటు పొయ్యి ఉండేది. మాకు ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా, దాన్నిండా జల్లించిన ఊక బూడిద, కింద కుంపటి. బూడిద బాగా కాగాక, మంట మీంచి తీసిన వస్తువుని తీసినట్టే అందులో పూడ్చి, మూత పెట్టి, మూడు గోనెలు కప్పేసేవాడు. కుంపటి తనంతట తను ఆరాలి. మర్నాడు పొద్దున దాకా మూత కదపకూడదు. లోపల గాజు పైనా అడుగునా ఒకేలా, నెమ్మదిగా చల్లారాలి. మధ్యలో గాలి తగిలితే పైకి ఏమీ కనిపించదు. వస్తువు బాగానే ఉంటుంది. కానీ లోపల బిగుసుకుపోయిన బిగువు ఎప్పటికైనా బయటపడుతుంది, ఒక గంటకో, ఒక ఏడాదికో. "ఎప్పుడన్నది దానిష్టం" అనేవాడు మావయ్య.

కాడ గ్లాసు ఆ ముసలాయన నేర్పిన పని. పైన గిన్నె, మధ్యన సన్నని కాడ, కింద పళ్ళెంలాంటి పాదం, మధ్యలో రెండు అతుకులు. అదీ లాబ్ సామాను చేసే గట్టి గాజుతో కాదు, మెత్త గాజుతో. మెత్త గాజు ఏ తప్పునీ క్షమించదు. కాడ గ్లాసు తిన్నగా నిలబెట్టగలిగినవాడికే పని వచ్చినట్టు లెక్క. దాన్ని ఒకటిగా చెయ్యకూడదని ముసలాయన పెట్టిన ఆచారం. ఎప్పుడూ జతగా చెయ్యాలి. ఒకే గొట్టం నుంచి తీసిన గాజు, ఒకే పూట, ఒకే డబ్బాలో చల్లార్చాలి. ఒకటి అడిగినవాళ్ళకి వెళ్తుంది, రెండోది ఇంట్లో ఉంటుంది. దాన్ని సాక్షి అనేవారు. వెళ్ళినదానికి ఏదైనా అయితే ఇంట్లో దాన్ని చూసి తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి.

ఆ వేసవి చివరికి నేనూ ఒక జత చేశాను. ఒకటి కుడి పక్కకి ఒరిగింది, రెండోది బల్ల మీద నిలబడలేదు. మావయ్య ఒరిగినదాంట్లో నీళ్ళు పోసుకుని తాగి, "నీళ్ళయితే కారనేదు" అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు ఆయన దగ్గర దొరకదు. ఆ పూట నేను అన్నం తినలేదు, సంతోషంతో కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే నాకు ఆయన కళ్ళ సంగతి తెలిసింది. పటకారు ఎదురుగా ఉంటే చేత్తో తడుముకుంటున్నాడు. బీడీ ముట్టించుకోబోయి మీసం కాల్చుకున్నాడు. ఒకరోజు గాజు తిప్పుతూ తిప్పుతూ, "ఎర్రబడిందేటే?" అని అడిగాడు. అప్పటికే అది తెల్లగా కాగిపోయింది. నేను చెప్పగానే మంట నుంచి తీశాడు కానీ, నా వైపు చూడలేదు.

"మీయమ్మకి సెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. ఆ రోజు నుంచి పక్కన కూర్చుని రంగు చెప్పడం నా పనయింది. ఎండ మీద నెపం పెట్టేవాడు, పొగ మీద పెట్టేవాడు. నాకెందుకంత పట్టుబట్టి నేర్పిస్తున్నాడో అప్పుడర్థమైంది.

సరిగ్గా అప్పుడే కాలేజీ వాళ్ళు ఆ పనికి పర్మినెంటు పోస్టు వేశారు. ఏళ్ళ తరబడి ఆయన ఎదురుచూసిన పోస్టు. ఇంకొక సంగతి కూడా దానితో ముడిపడి ఉంది. భీమిలి వైపు ఒక సంబంధం అనుకున్నారు. పిల్ల మావయ్యకి నచ్చింది. పర్మినెంటు అయితే ముహూర్తం పెట్టుకుందాం అన్నారు వాళ్ళు. ఎంపికకి వచ్చేవాళ్ళు సొంత చేత్తో చేసిన వస్తువు ఒకటి తేవాలి, అందులో వేడినీళ్ళు పోసి చూస్తారు, ఆ తర్వాతే మాటామంతీ. మావయ్య కాడ గ్లాసు చేస్తానన్నాడు.

"లాబ్‌లోకి కండెన్సర్ గొట్టం చేసుకో మావా, రోజూ చేసేదే కదా" అన్నాను.

"రోజూ సేసేది ఎవుడైనా సేత్తాడు" అన్నాడు.

ముందురోజు పొద్దున్నే మంట వెలిగించాడు. రంగు మాత్రం నేను చెప్పాను. చెయ్యి వెయ్యబోతే, "ఇది నా సేత్తోనే అవ్వాల" అన్నాడు. ఆయన అంత నెమ్మదిగా పని చెయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. రెండో అతుకు దగ్గర కళ్ళు మూసుకున్నాడు. చూపు మీద ఆశ వదిలేసి వేళ్ళతోనే వింటున్నట్టు, తల కొంచెం పక్కకి వంచి తిప్పాడు. రెండు గ్లాసులూ అయ్యేసరికి పది దాటింది. రెండూ బూడిదలో పూడ్చి, మూత పెట్టి, గోనెలు కప్పి, చొక్కా విప్పి పిండితే చెమట కారింది.

మధ్యాహ్నం ఇస్త్రీకి చొక్కా ఇచ్చి, గడ్డం గీయించుకుని వస్తానని వెళ్ళాడు. అమ్మ మార్కెట్టులో ఉంది. డబ్బా దగ్గరికి కోడి కూడా రాకుండా చూడమని నన్ను కాపలా పెట్టాడు.

కాపలా ఉన్నదాన్నే మూత ఎత్తాను.

ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. కారణం ఏమీ లేదు. చూడాలనిపించింది, అంతే. ఆ రంగులన్నీ చెప్పింది నేనే కదా, నేను చూస్తే ఏమవుతుందనిపించింది. గోనెలు తీశాను, మూత తీశాను. ముఖానికి వేడి కొట్టింది. బూడిదలో రెండు గిన్నెల అంచులు మాత్రం కనిపిస్తున్నాయి. వోణీ చెంగుతో మీది బూడిద మెల్లగా తుడిచాను. రెండూ అద్దంలా ఉన్నాయి. అంత అందమైనవి మా ఇంట్లో ఎప్పుడూ లేవు. వంద లెక్కపెట్టేంత సేపు అలాగే చూస్తూ ఉన్నాను. సముద్రం మీంచి గాలి వచ్చి తలుపు కొట్టుకుంది, నా మెడ మీద చల్లగా తగిలింది. అప్పుడు భయం వేసి గబగబా బూడిద కప్పి, మూత పెట్టి, గోనెలు ఎలా ఉన్నవి అలా సర్దాను. ఏమీ పగల్లేదు. చప్పుడు కూడా రాలేదు.

మర్నాడు పొద్దున మావయ్య మూత తీసి, బూడిద ఊది, రెండిటినీ వెలుగులో పెట్టి గోటితో మీటాడు. రెండూ ఒకే గొంతుతో మోగాయి. ఆయన మొహం చూసి అమ్మ కూడా నవ్వింది. ఒకటి గడ్డిలో చుట్టి అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. రెండోది నా చేతికిచ్చి, "ఇది ఇంటికాడ సాచ్చి" అన్నాడు. నన్నూ తోడు తీసుకెళ్ళాడు, బస్సు బోర్డులు చదివి పెట్టడానికి. దారంతా పెట్టె నా ఒళ్ళోనే ఉంది. కండక్టరు గుడ్లా అని అడిగితే అవునన్నాను.

కాలేజీలో నన్ను వరండాలో కూర్చోమన్నారు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. అటెండరు కెటిల్ తెచ్చి నీళ్ళు పోశాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత టిక్కుమంది. నీళ్ళు బల్ల మీద కాగితాల కిందికి పారాయి. ముగ్గురూ కుర్చీలు వెనక్కి జరిపారు.

"అతుకు దగ్గర పోయినట్టుంది" అన్నాడు ఒకాయన.

మావయ్య బల్ల మీదికి వంగాడు. ముక్కు తగిలేంత వంగాడు. పగులు ఎటు నడిచిందో ఆయనకి కనిపించడం లేదని వరండాలో ఉన్న నాకు తెలిసిపోయింది. ఆయనే చేతిలోకి తీసుకుని తడిమి చూసుంటే తెలిసేది. ఈలోగా అటెండరు తడిగుడ్డతో అన్నీ ఒక్క ఊపున చెత్త డబ్బాలోకి తోసేశాడు.

"ఆ ముక్కలు ఓపాలి ఇప్పించండి బాబూ" అన్నాడు మావయ్య.

"ఇంకెందుకయ్యా? నీకు కళ్ళు సరిగ్గా ఆనుతున్నాయా?" అని అడిగాడు ఆ పెద్దమనిషి, కోపంగా ఏం కాదు, జాలిగానే.

ఇంటికి రాగానే నీళ్ళు కాచమన్నాడు. సాక్షి గ్లాసుని గుమ్మంలో పీట మీద పెట్టి, వేడినీళ్ళు తనే పోశాడు. అమ్మ, నేను, ఆయన, ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. నీళ్ళు ఆవిరి కక్కి కక్కి చల్లారాయి. గ్లాసు నిలబడింది. గండం గడిచిందనుకున్నాను. నాకది మంచి వార్తలా తోచింది, అంత తెలివితక్కువదాన్ని.

"ఇది నిలబడిందంటే సల్లారడం బాగానే అయినాది" అన్నాడు మావయ్య. "అది పోయిందంటే నా అతుకే. కంటికి ఆననేదు."

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "అన్నం తిను మావా" అన్నాను.

ఆయన లేచి వెళ్ళి బర్నర్ చెవి బిగించాడు. మళ్ళీ విప్పలేదు. కాలేజీకి కూడా వెళ్ళడం మానేశాడు. పిలవడానికి మనిషి వచ్చినా వెళ్ళలేదు. "సూపు నేని సేత్తో పిల్లల సామాను సెయ్యకూడదు. పగిలితే ఆళ్ళ సేతులు కోసుకుపోతాయి" అన్నాడు. భీమిలి సంబంధం వాళ్ళు కొన్నాళ్ళు చూసి ఇంకెవరికో ఇచ్చేశారు. మావయ్య మళ్ళీ సంబంధాల మాట ఎత్తనివ్వలేదు. సముద్రం పడదని పంపేసిన మనిషి హార్బర్ ఒడ్డుకే తిరిగి వచ్చి, చిరిగిన వలలు కుట్టడానికి కూర్చున్నాడు. ఆ పనికి వేళ్ళుంటే చాలు.

నా పెళ్ళికి ఆయన ఇచ్చిన కానుక ఆ సాక్షి గ్లాసు. "నా పనిలో నిలబడింది ఇదొక్కటే" అన్నాడు. మా ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. కూర్మన్నపాలెంలో కాపురం పెట్టినప్పటి నుంచి అది మా షోకేసులోనే ఉంది. కొన్నేళ్ళకి ఒక కంటి శిబిరంలో మావయ్యకి ఆపరేషన్ చేయించాం. మంట చూసి చూసి శుక్లాలు పట్టాయట, ముందే తీసేయాల్సిందన్నారు డాక్టరు. చూపు వచ్చింది. నేను ఎగిరి గంతేసినంత పని చేసి, బర్నర్ మళ్ళీ వెలిగించు మావా, మా ఆయనతో చెప్పి అన్నీ కొనిపిస్తాను అన్నాను.

"కళ్ళొచ్చేయే. నమ్మకం ఎవులిత్తారు?" అన్నాడు.

అప్పుడూ చెప్పలేదు. ఎందుకంటే నా దగ్గర గ్లాసుంది కదా. రెండిటికీ ఒకే గాలి తగిలింది, ఇది నిలబడింది, కాబట్టి తప్పు నాది కాదు. షోకేసు దులిపినప్పుడల్లా ఆ గ్లాసుని చూసి ఇదే చెప్పుకున్నాను. ఆయన కళ్ళదే తప్పు, నా మూతది కాదు. ఇన్నేళ్ళూ అది నా తరఫున సాక్ష్యం చెప్పింది. నేను దాన్ని అపురూపంగా చూసుకున్నది మావయ్య మీద ప్రేమతోనే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను.

ఏసీ చల్లగాలికి అది పగిలిన మర్నాడు, రెండు ముక్కలూ తువ్వాల్లో చుట్టుకుని సిటీ బస్సెక్కాను. జగదాంబలో దిగి ఆటోలో హార్బర్‌కి వెళ్ళాను. మావయ్యకిప్పుడు ఎనభై దాటాయి. చూపు మళ్ళీ మందగించింది. అయినా పొద్దున్నే వచ్చి హార్బర్ షెడ్డు నీడలో వలల మధ్య కూర్చుంటాడు. నా గొంతు విని, "ఏటమ్మా ఇలగొచ్చేవు, ఒంట్లో బాగున్నాదా?" అన్నాడు. పక్కన కూర్చుని ముక్కలు ఆయన ఒళ్ళో పెట్టాను.

ఏమిటని అడగలేదు. చేతికి తగలగానే తెలిసింది. వల పక్కన పెట్టి, ముందు చెయ్యి వెనక్కి తిప్పి దగ్గరగా ఉంచాడు, అలవాటు. తర్వాత బొటనవేలితో పగులు వెంట మెల్లగా వచ్చాడు. గిన్నె అంచు దగ్గర మొదలై, వంపు తిరిగి, అతుకుని దాటి, కాడలో సగం దూరం ఏటవాలుగా కోసుకుపోయింది పగులు. రెండోసారి అంచు నుంచి మళ్ళీ వచ్చాడు. మూడోసారి కూడా.

"మూతెత్తేవేటి?" అన్నాడు.

"ఎత్తాను మావా. నువ్వు చొక్కా ఇస్త్రీకిచ్చి రావడానికి వెళ్ళినప్పుడు."

"కాలేజీలో పగిలిందానికీ గాలి తగిలిందేటి?"

"రెండిటికీ."

ఒక బోటు ఇంజను ఆపి ఒడ్డుకి వచ్చింది, ఐసు దింపుతున్నారు. తిడతాడనుకున్నాను. ఏడుస్తాడేమోనని కూడా భయపడ్డాను. ఆయన బొటనవేలు మాత్రం అతుకు చుట్టూ తిరుగుతోంది. గుండ్రంగా, మళ్ళీ గుండ్రంగా.

"అతుకు ఊడనేదే" అన్నాడు. పక్కన వల కుడుతున్న ముసలతన్ని మోచేత్తో పొడిచాడు. "బావా, ఓపాలి ఇది పట్టుకు సూడు. ఇదిగో ఇక్కడ. నా అతుకు ఊడనేదు. పగులు దాన్ని దాటుకుపోనాది, అది మటుకు ఊడనేదు."

ఆ ముసలతనికి ఏమీ అర్థం కాలేదు, బాగుందన్నాడు. మావయ్య ఐసు దింపే కుర్రాడిని కూడా పిలిచి చూపించాడు. టీ తెచ్చినతనికి చూపించాడు. ఎనభై ఏళ్ళ మనిషి మొహంలో అంత వెలుగు చూడడం నాకు చేతకాలేదు, తల దించుకుని కూర్చున్నాను. ఎంత పోగొట్టానో అప్పటిదాకా నాకే సరిగ్గా తెలీదు.

బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "అప్పుడే సెప్పుంటే బాగుండీదమ్మా" అన్నాడు. ముక్కలు నాకు తిరిగివ్వలేదు.

ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. వల ఇంకా పక్కనే పడి ఉంది. విరిగిన కాడని రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, వేళ్ళతో తిప్పుతున్నాడు. రెండు చేతులూ ఒకే లెక్కలో తిరుగుతున్నాయి.